తేటనీరు ఇక లేడు

ఆ మంగళవారం హాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దుటి బేరం అయ్యాక మొగుడు చింగ్‌ష్వే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్ళి, కుటుంబ పత్రం తాజా నకలు ఒకటి తీసుకురావాలి. మధ్యాహ్నం జనం అన్నానికి వచ్చే వేళకి తిరిగొచ్చి గిన్నెలు అందుకోవాలి. అంతే. ఇంత చిన్న సంగతినీ ఆమె మూడుసార్లు చెప్పింది. చింగ్‌ష్వే మంచివాడు. మంచివాళ్ళకి పని చెప్పేటప్పుడు ఒకటికి మూడుసార్లు చెప్పాలని ఆమె కాపురానికొచ్చిన కొత్తలోనే తెలుసుకుంది.

"ఒక్క కాగితం. తీసుకో, వచ్చెయ్. దారిలో ఎవరేం చెప్పినా తల ఊపకు."

"ఊపను," అన్నాడు చింగ్‌ష్వే, తల ఊపుతూ.

"నేనూ వస్తానురా, మోకాళ్ళు కాస్త సాగుతాయి," అంటూ అత్తగారు వెనకాల స్కూటరెక్కింది. హాన్ అప్పుడే అనుమానించాల్సింది. కానీ పొయ్యి మీద టర్కీ కోడి ఉడుకుతోంది. చియాయీ ఊళ్ళో కోడి అన్నం దుకాణం నడిపేవాళ్ళకి పొద్దున పూట అనుమానించే తీరిక ఉండదు.

హాన్‌ది వియత్నాం. తైవాన్‌కి వచ్చి చింగ్‌ష్వేని చేసుకునే నాటికే ఆమెకు మొదటి పెళ్ళి వల్ల ఒక కూతురుంది. పేరు థోమ్, ఇప్పుడు పదేళ్ళు. అక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ పిల్లని చింగ్‌ష్వే చట్టప్రకారం దత్తత చేసుకుంటే ఇక్కడికి తెచ్చుకోవచ్చు. అందుకోసం రెండేళ్ళుగా కాగితాలు కూడగడుతున్నారు. ఇటు కాగితాలన్నీ తయారు. అటు నుంచి ఒక్కటి రావాలి, ఆమె ఊరి ఆఫీసువాళ్ళు ముద్ర వేసి ఇచ్చే అంగీకార పత్రం. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "పరిశీలనలో ఉంది." వచ్చే నెల కోర్టు వాయిదా నాటికి అది రాకపోతే ఫైలు మూసేస్తారు. మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి.

పిల్ల కోసం కొన్న బడిబూట్లు రెండు జతలు పెట్టెలో ఉండగానే చిన్నవైపోయాయి. మూడో జత హాన్ పంతం పట్టి రెండు సైజులు పెద్దవి కొంది. "అవి దానికి చిన్నవయ్యేలోగా అది ఇక్కడుండాలి. ఎవరడ్డం వస్తారో చూస్తా," అని ఆ పెట్టెను గల్లాపెట్టె పక్కనే, అందరికీ కనపడేలా పెట్టింది.

మధ్యాహ్నానికి తల్లీకొడుకులు తిరిగొచ్చారు. నకలు తెచ్చారు. దానితోపాటు ఇంకొకటి కూడా తెచ్చారు.

"ఇదేంటి?"

"గుర్తింపు కార్డు. కొత్తది," అన్నాడు చింగ్‌ష్వే, గోడనున్న క్యాలెండర్ వైపు చూస్తూ.

ఫొటో అతనిదే. పేరు మాత్రం తాయుంగ్ అని ఉంది. మహా ధైర్యం అని దాని అర్థం.

"ఎవడీ తాయుంగ్?"

"నీ మొగుడే!" అంది అత్తగారు వెలిగిపోతూ. "పేర్ల జాతకం చెప్పే కువో గురువుగారు లెక్కగట్టి చూశారు. చింగ్‌ష్వే అంటే తేటనీరు. నీళ్ళ పేరు పెట్టుకుని కాగితాల మీద సంతకాలు చేస్తే ఏమవుద్దీ? సిరా కారిపోద్ది! రెండేళ్ళ నుంచీ పని ఎందుకు తెమలట్లేదో ఇప్పుడు తెలిసిందా? పేరు మార్చే కౌంటర్ దగ్గర ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు లేరు. ఇట్టే అయిపోయింది."

"అత్తయ్యా! కోర్టు కాగితాల నిండా తేటనీరే ఉన్నాడు. ఇప్పుడీ ధైర్యం వెళ్ళి నుంచుంటే జడ్జిగారు నువ్వెవరని అడగరూ?" హాన్ మొగుడి వైపు తిరిగింది. "తల ఊపొద్దన్నానా లేదా?"

"ఊపలేదు," అన్నాడు మహా ధైర్యం చిన్న గొంతుతో. "సంతకం పెట్టానంతే. పిల్ల తొందరగా వస్తుందని గురువుగారు చెప్పారు, హాన్. అంతకన్నా పేరెక్కువా అనిపించింది."

తిట్టబోయిన హాన్ మెత్తబడింది. పిల్ల కోసం కొందరు ఆస్తులిస్తారు, కొందరు మాటలిస్తారు. ఈ మనిషి దగ్గరున్నది పేరొక్కటే, అదిచ్చి వచ్చాడు. ఆమె గరిటెని చప్పుడు చేయకుండా కింద పెట్టింది.

అత్తగారికి కోడలి కోపం ఎక్కలేదు. సంతోషం పట్టలేక పక్కనే పళ్ళరసాల బండి నడిపే బీయూన్ దగ్గరికి వెళ్ళింది. బీయూన్ మిక్సీలో పుచ్చకాయ ముక్కలు తిరుగుతున్నాయి. ఆ రొదలో సగం మాటలే వినపడతాయి. అయినా బీయూన్‌కి వీధి కబుర్లు అల్లుకోవడానికి సగం చాలు.

"మా చింగ్‌ష్వే ఇక లేడే, బీయూన్!"

మిక్సీ ఆగింది. "ఏంటీ?"

"పొద్దున పదింటికి అయిపోయింది. ఏమీ కష్టపడలేదు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. ఎన్నాళ్ళ పీడో, వదిలింది." మిక్సీ మళ్ళీ తిరిగి, మళ్ళీ ఆగింది. "ఇక నుంచీ అంతా తాయుంగే చూసుకుంటాడు. హాన్ కాస్త గోల చేసిందిగానీ, అలవాటు పడుద్దిలే."

బీయూన్ ఆమె చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇంత నిబ్బరం గల తల్లిని ఆమె ఎన్నడూ చూడలేదు. పుచ్చకాయ రసానికి డబ్బులు కూడా వద్దంది.

నాలుగు గంటలకి మార్కెట్ వర్తకుల సంఘం వాళ్ళు ట్రాలీ ఆటో వేసుకొచ్చి, మాటా పలుకూ లేకుండా దుకాణం ముందు ఒక గోపురం దించారు. పళ్ళరసం డబ్బాలు వరుసలు వరుసలుగా పేర్చి, చుట్టూ పసుపు చామంతులు గుచ్చి, మనిషెత్తున ఉంది. చావింటికి పంపే గోపురం. మీద నల్లటి అక్షరాలతో ఇంటిపేరుతో సహా షియె చింగ్‌ష్వే అని రాసి, కింద 'పుణ్యలోక ప్రాప్తిరస్తు' అని ఉంది.

అది దించిన కాసేపటికే సాంఘిక సంక్షేమ శాఖ నుంచి పెంగ్ మేడమ్ దత్తత ఫైలు కోసం ఇల్లు చూడటానికొచ్చింది. ఇదివరకు వచ్చే ఆవిడకి బదిలీ అయింది. ఈ అమ్మాయి కొత్త. గోపురం ముందు ఆగి పేరు చదివింది, సంచిలోని ఫైలు తీసి పేరు సరిచూసుకుంది, రెండు చేతులూ జోడించి మూడుసార్లు వంగింది. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి ఏప్రనుకి చేతులు తుడుచుకుంటూ చింగ్‌ష్వే వచ్చాడు. ఎవరడిగినా కొత్త పేరే చెప్పాలని తల్లి అతనితో ఒట్టు వేయించుకుంది.

"రండి మేడమ్. నేను తాయుంగ్‌ని. హాన్ భర్తని."

పెంగ్ మేడమ్ గోపురాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "చింగ్‌ష్వే గారు... ఎప్పుడు?"

"పొద్దున పదింటికండీ."

"మరి మీరు?"

"నేనూ పదింటికే."

"అప్పుడే?" ఆ అమ్మాయి గొంతు పీలగా వచ్చింది.

"అక్కడ జనం లేరు కదండీ, వెంటనే ఇచ్చేశారు."

పెంగ్ మేడమ్ కుర్చీలో కూలబడి పెన్ను తీసింది. అత్తగారు సాయం చేద్దామని ముందుకొచ్చింది. "కంగారు పడకమ్మా. మనిషి పాతవాడే. పేరే కొత్త. లోపల సరుకు అదే."

పెన్ను ఇంకా వేగంగా కదిలింది. వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న హాన్‌కి ఇక ఓపిక చాల్లేదు. వచ్చి బల్ల మీద చెయ్యి గట్టిగా చరిచింది.

"రాసుకోండి మేడమ్, అన్నీ రాసుకోండి! నాకు ఇద్దరు మొగుళ్ళు లేరు. ఉన్న ఒక్కడితోనే ఇంత అవస్థ! ఈయన చావలేదు, పేరు మార్చుకున్నాడు. ఎందుకు మార్చుకున్నాడో కూడా రాయండి. రెండేళ్ళుగా మా ఇల్లు కొలిచారు, సంపాదన అడిగారు, ఊపిరితిత్తులు ఫొటో తీయించారు. నా కూతురెప్పుడొస్తుందని నేనొక్క మాటడిగితే పరిశీలనలో ఉందంటారు. అటు అదీ ఇటు నేనూ, మధ్య గోడకి కొట్టుకుంటున్నాం. అందుకని ఈ అమాయకుడు ఆ గోడకి పేరు బలిచ్చాడు. ఇంకో పాతిక కాగితాలడగండి, తెస్తాను. ఫైలు మూసేస్తారా? మూయండి. మళ్ళీ తెరిపిస్తాను. నాకు విసుగు రాదు. మీకొస్తుంది!"

దుకాణంలో అన్నం తింటున్నవాళ్ళు నమలడం మానేశారు. పెంగ్ మేడమ్ రాసిన కాగితాన్ని నిదానంగా చింపి, నలిపి, సంచిలో వేసుకుంది.

"అక్కా, పొద్దున్నుంచీ నాలుగిళ్ళు తిరిగాను. ఒక గిన్నె అన్నం పెడతారా?" అంది.

తిన్నాక నెమ్మదిగా చెప్పింది. "ఇల్లు బావుందనే రాస్తాను. కానీ ఒకే మనిషికి రెండు పేర్లుంటే వాయిదా మళ్ళీ వెనక్కి పోవచ్చు. రేపు పొద్దున్నే వెళ్ళి పాత పేరుకి మార్చేయించండి. ఎవరి కంటా పడకముందే పని అయిపోతుంది." వెళ్తూ వెళ్తూ గోపురం మీది పేరు చీటీ తానే ఊడదీసి మడిచింది. చిన్నపిల్లే గానీ మనసున్న పిల్ల.

ఆ సాయంత్రం హాన్ కడుపుమంట చల్లారక కొత్త కార్డునూ, కొత్త పేరున్న నకలునూ ఫొటోలు తీసి, "చూడమ్మా నీ అల్లుడి నిర్వాకం" అని వియత్నాంలో ఉన్న తల్లికి పంపింది.

మర్నాడు పొద్దున చింగ్‌ష్వే మళ్ళీ ఆఫీసుకి బయల్దేరాడు. అత్తగారు మొహం ముడుచుకుని వెంట వెళ్ళింది. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి ఫోన్ మోగింది. తీస్తే అమ్మ గొంతు, వెనకాల కోళ్ళ అరుపులు.

"ఒసే హాన్! నీ మొగుడు మగాడేనటే!"

"ఏంటమ్మా ఆ మాటలు?"

"నా మాట కాదే తల్లీ, ఆఫీసాయన మాట. నువ్వు పంపిన ఫొటోలు పట్టుకుని పొద్దున్నే ఇక్కడికొచ్చా. ఉండు, ఆయనకే ఇస్తా."

ఫోన్‌లోకి ఒక పెద్దమనిషి దగ్గు వచ్చింది. "చూడమ్మాయ్. మీ ఆయన పాత పేరులోని అక్షరాలు మన వియత్నాం ఉచ్చారణలో చదివితే థాన్ థుయ్ అవుతుంది. మా ఆవిడ పేరు థాన్ థుయ్. మా మరదలి పేరూ అదే. ఈ ఊళ్ళో రాయి విసిరితే ఒక థాన్ థుయ్‌కి తగులుతుంది, అందరూ ఆడవాళ్ళే. తండ్రి అని ఉన్న గడిలో ఆడపేరుంటే నేను ముద్రెలా వేస్తాను? ఎక్కడో పొరపాటు జరిగింది, దిద్ది పంపుతారులే అని పక్కన పెట్టాను."

"రెండేళ్ళా?"

"మీరు దిద్దలేదు, నేను కంగారు పెట్టలేదు."

"ఫొటో ఉంది కదండీ అందులో!"

"ఉంది. జుట్టు కాస్త పొడుగ్గా ఉంది," అన్నాడాయన. "ఇప్పుడు చూడు, తాయుంగ్. మన ఉచ్చారణలో దాయ్ యూంగ్. మగపేరంటే అదీ! ముద్ర వేసేశాను. కాగితం ఈ రోజే పంపుతున్నా. కొత్త పేరు మీదే ఇచ్చాను, మళ్ళీ దాన్ని కదపకండి."

పెళ్ళయిన కొత్తలో మొగుడిది ఆడపేరని హాన్ కూడా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తను నవ్విన చోట ఆఫీసు ఆగిపోతుందని ఆమెకు తట్టలేదు.

ఫోన్ మళ్ళీ చేతులు మారింది. "అమ్మా, ముద్ర పడింది," అంది థోమ్. "దగ్గరుండి చూశాను. కాస్త వంకరగా పడింది. పర్లేదుగా?"

"పర్లేదురా తల్లీ. వంకరైనా పర్లేదు," అంది హాన్. అప్పుడు గుర్తొచ్చింది, పేరును మళ్ళీ కదపడానికే మొగుడు వెళ్ళాడని. అతనికి ఫోన్ చేసింది. అది అన్నం డేగిశా పక్కనే మోగింది.

దుకాణం తింటున్నవాళ్ళకే అప్పగించి, హాన్ ఏప్రను కూడా విప్పకుండా బీయూన్ స్కూటరు తీసుకుని బయల్దేరింది. "మళ్ళీ ఎవరు పోయారే?" అని వెనక నుంచి బీయూన్ కేక వేసింది. హాన్ వెనక్కి తిరగలేదు. రెండు కూడళ్ళు దాటి, ఆఫీసు మెట్లు ఎక్కి, లోపలికి అడుగుపెట్టేసరికి చింగ్‌ష్వే కౌంటర్ ముందు నిలబడి ఉన్నాడు. దరఖాస్తు గుమాస్తా చేతిలో ఉంది. ముద్ర పైకి లేచింది.

"ఆపండి!" హాన్ అరుపుకి టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. "ఆ పేరు ముట్టుకోకండి! ఆయన తాయుంగే! పిల్ల కాగితం వచ్చేసింది. తాయుంగ్ పేరు మీదే వచ్చింది!"

సంగతంతా ఆమె రొప్పుతూ చెప్పింది. అత్తగారు అంతా విని, నేను చెప్పలేదా అని ఒక్క మాటైనా అనలేదు. లేచి వచ్చి కోడలి నుదుటి చెమట తన జేబురుమాలుతో తుడిచింది. చింగ్‌ష్వే అయితే కొత్త పేరుకి తగ్గట్టు నిటారుగా నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక ప్రభుత్వోద్యోగికి ఎదురు చెప్పాడు.

"నేను మార్చుకోనండీ. ఎవరేం చెప్పినా మార్చుకోను. ఆ కాగితం నాకిచ్చెయ్యండి."

గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని, ముద్రని సొరుగులో పెట్టి, గోడవైపు చెయ్యి చూపించింది.

"మార్చుకోనని చెప్పడానికి వేరే దరఖాస్తు ఉంది. అదిగో, ఆ మూలన. రెండు ప్రతులు నింపండి."