మా అక్క వీడియో, నా కంప్యూటర్ చేసిన మేలు

వీడియో ఎడిటింగ్ చేసే కంప్యూటర్ మధ్యమధ్యలో బిగుసుకుపోకపోతే, సంసారి అనేవాడికి ఈ లోకంలో విశ్రాంతి అనేదే లేదు! ఈ మాట మూడు వారాల స్వానుభవంతో చెబుతున్నాను. నవ్వాలనుకునేవాళ్లు ముందు నవ్వేయండి, నేను ఆగుతాను.

సంగతేమిటంటే, మా అక్క పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. ముప్పై నాలుగేళ్లు పనిచేసి మొన్న నెలాఖరున రిటైరైంది. వీడ్కోలు సభకు మూడు వారాల ముందు బావ ఫోన్ చేశాడు. "నీకు కంప్యూటర్ బాగా తెలుసుగా, మీ అక్క మీద ఓ పది నిమిషాల వీడియో చేసిపెట్టరా" అన్నాడు. నాకు కంప్యూటర్ బాగా తెలుసని ఆయనకెవరు చెప్పారో తెలియదు. బహుశా నేనే చెప్పి ఉంటాను.

ఆసుపత్రి వాళ్లంతా తమ ఫోన్లలో ఉన్న ముక్కలు పంపించారు. వాటిని సాఫ్ట్‌వేర్‌లో వేసి ప్లే నొక్కితే అక్క నవ్వు ఏడు వాయిదాల్లో వచ్చింది. ఐదో వాయిదా దగ్గర తెర కాసేపు బిగుసుకుపోయింది.

ఇందులో మేలేమిటంటారా? అక్క నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది. మామూలు వేగంలో అయితే కనబడి ఉండేదా? విరిగిన పన్ను కనబడకూడదని ఆ చెయ్యి. చిన్నప్పుడు ఆ పన్ను విరగ్గొట్టింది నేను విసిరిన బంతే. నేను మరిచేపోయాను.

ఆఫీసులో కంప్యూటర్లు చూసే పెద్దమనిషిని అడిగితే "ప్రాక్సీలు పెట్టండి సార్" అన్నాడు. అంటే అసలు వీడియో హాయిగా పడుకుంటుందట, దాని పేరు మీద ఓ చిన్న నకలు పని చేస్తుందట. ఇది కొత్త టెక్నాలజీ ఎలా అవుతుంది? మా సెక్షన్ ఇరవై ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది!

తర్వాత గొంతుకీ పెదవులకీ పొత్తు కుదరలేదు. పెద్ద డాక్టరుగారు అక్క గురించి నాలుగు మంచి మాటలు చెప్పి నోరు మూసుకున్నాక, ఆ మాటలు తీరిగ్గా వినబడ్డాయి. ఫోన్‌లో తీసిన వీడియోలకు ఈ జబ్బు మామూలేనట. నేను దాన్ని సరిచెయ్యలేదు. ఎందుకు చెయ్యాలి? ముప్పై నాలుగేళ్లు ఆగి వచ్చిన మెప్పు, ఇంకో రెండు సెకన్లు ఆలస్యమైతే కొంప మునిగిందా?

ఇక క్రాష్ సంగతి. రెండు గంటల పని, నేను సేవ్ చెయ్యని పని, కళ్ల ముందే మాయమైంది. వెంటనే తెర మీద "క్షమించండి" అని వచ్చింది! గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పండి, మీ ఇంట్లో తప్పు చేసినవాళ్లు అంత త్వరగా ఎప్పుడైనా క్షమాపణ అడిగారా? నేనైతే అడిగిన పాపాన పోలేదు.

అన్నిటికన్నా గొప్ప వరం రెండరింగ్! ముక్కలన్నీ కలిపి ఒకే వీడియోగా తయారుచెయ్యడాన్ని అలా అంటారు. మా కంప్యూటర్ చకచకా తొంభై తొమ్మిది శాతం దాకా వచ్చి అక్కడ కూలబడేది.

"ఏమండీ, వంటింట్లో కుళాయి కారుతోంది."

"రెండర్ అవుతోంది, కదిలితే ఆగిపోతుంది."

నేను కదిలితే కంప్యూటర్ ఎందుకు ఆగుతుందని మా ఆవిడ అడగలేదు. అక్క కూడా అడగలేదు. "ఓసారి రారా, ఇల్లు సర్దుకుంటున్నా, పాత ఫోటోలున్నాయి" అని మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ తొంభై తొమ్మిది శాతమే అని చెప్పాను. "సరేలే, పని చూసుకో" అని పెట్టేసింది. అక్క ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల.

సభ రోజు పొద్దుటికి కూడా ఆ ఒక్క శాతం రాలేదు. నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రెండర్ ఎందుకు, ప్రాజెక్ట్ ఫైల్‌నే పట్టుకెళితే పోలా? రెండు సెకన్లలో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయింది. మూడు వారాల పని రెండు సెకన్లలో ఎలా పట్టిందని నేను అనుమానించాలి కదా? నేను సంబరపడ్డాను!

ప్రాజెక్ట్ ఫైల్‌లో బొమ్మలుండవట. ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామాలు మాత్రమే ఉంటాయట. బొమ్మలన్నీ మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి.

హాల్లో నూటయాభై మంది ముందు, బొమ్మ దొరకనప్పుడు వచ్చే ఎర్రటి తెర వెలిగింది. నేను టైపు చేసిన అక్షరాలు మాత్రం చక్కగా వచ్చాయి. "థియేటర్‌లో మొదటి రోజు" అని పడింది, వెనక ఎరుపు. "నవ్వుతూ మా అక్క" అని పడింది, వెనక ఎరుపు. ఆసుపత్రి లిఫ్ట్ ఆపరేటర్ పక్కాయన్ని అడిగాడు, "రక్తదానం గురించా అండీ?"

అక్క లేచి నా దగ్గరికొచ్చింది.

"పోనీలేరా. ఆసుపత్రి వాళ్లకి ఎరుపు అలవాటే" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మూడు వారాల్లో ఒక్కసారీ రాలేదేం?"

"కంప్యూటర్‌లో రోజంతా నిన్నే చూస్తూ ఉన్నానక్కా!"

"నువ్వు చూశావు సరే. నేను నిన్ను చూడొద్దూ?"

పాఠక మహాశయులారా, నాకు ఏడుపొచ్చింది. ప్రొజెక్టర్ వైరు సరిచేస్తున్నట్టు వంగాను.

మర్నాడు ఆఫీసు పెద్దమనిషి ఇంటికొచ్చి చూశాడు. సగం సగం రెండరై ఆగిన పాత ఫైళ్లతో డిస్కంతా నిండిపోయిందట. వాటిని తీసేశాడు. పదకొండు నిమిషాల్లో వీడియో తయారైంది, ఒక్క అవాంతరం లేకుండా.

అది జరిగి పన్నెండు రోజులైంది. నిన్న అక్క ఫోన్ చేసింది. "ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నానుగా, ఎప్పుడొస్తావురా?"

"ఆ వీడియో ఒకటి అవనీ అక్కా. మళ్లీ హ్యాంగైంది. అవగానే తీసుకొస్తా."

అది అయిపోయిందని దయచేసి ఎవరూ ఆమెకు చెప్పకండి. చెబితే పట్టుకెళ్లాలి. పట్టుకెళితే ఆమె ఎదురుగా కూర్చుని, నవ్వుకి అడ్డం పెట్టుకునే ఆ చెయ్యి చూడాలి. ఆ రెండు వీధులు నడవకుండా ఉండటానికి నాకు మిగిలింది ఈ ఒక్క సాకే.