కర్చీఫ్ వేసిన ఆకులు

ఆదివారం పొద్దున భార్య డ్యూటీకి వెళ్లగానే ఆకులకు చుక్కలు పెట్టేయాలని పెయింటరు నిశ్చయించుకున్నాడు. ఊళ్లో సగం దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి ఆయనది. తీగకు చుక్కలు పెట్టడం ఎంతసేపు?

బాల్కనీలో ఆయన ప్రాణంలా పెంచుకుంటున్న కృష్ణకమలం తీగ అది. ఏటా మొగ్గ తొడగకముందే సీతాకోకచిలుకలు వచ్చి గుడ్లు పెట్టేవి, గొంగళిపురుగులు పుట్టి తీగను పుల్లలా మిగిల్చేవి. ఈసారి మొదటిసారిగా ఒక్క మొగ్గ వేసింది. ఆ పువ్వు కళ్లారా చూడాలని ఆయన తహతహ. కానీ శత్రుపక్షం ఇంట్లోనే ఉంది. సీతాకోకచిలుకల తోటలో పురుగులకు మేత వేయడం భార్య ఉద్యోగం. "మా పిల్లలు ఈ ఆకు తప్ప ఇంకోటి ముట్టరండీ. తోటలో ఆకు అయిపోవచ్చింది. గుప్పెడు ఇస్తే మీ సొమ్మేం పోయింది?" అని వారంగా పోరుతోంది. "మొగ్గ విచ్చేదాకా ఒక్క రెబ్బ కూడా ఇవ్వను" అని ఆయన భీష్మించుకున్నాడు.

ఉపాయం కూడా పాపం ఆవిడ నోటినుంచి వచ్చిందే. "ముందే గుడ్లున్న ఆకుమీద సీతాకోకచిలుక ఇంకో గుడ్డు పెట్టదండీ. బస్సులో కర్చీఫ్ వేసిన సీటనుకోండి" అంది కాఫీ తాగుతూ.

ఇంకేం, సన్నకుంచె తీశాడు. కాసేపట్లో ఆకాకుకూ ఆవగింజంత పసుపు గుడ్లు. ఒక సీతాకోకచిలుక వచ్చి, తడిమి చూసి, అలిగిన చుట్టంలా వెళ్లిపోయింది. సంతోషం పట్టలేక ఆయన రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. చేతులకు రంగున్న సంగతి గుర్తులేదు.

పై బాల్కనీలో దుప్పటి ఆరేస్తున్న మేడమీదావిడ కిందికి తొంగిచూసింది. "తమ్ముడూ, ఏమిటా పసుపు?"

ఆకులకు రంగేశానంటే పరువేం కాను? "తెగులండీ అక్కయ్యగారూ, పొద్దున్నే పట్టుకుంది" అన్నాడు తల ఎత్తి.

"ఎవరికైనా చూపించావా?"

"ఈమాత్రానికి చూపించడమెందుకండీ? ముదిరితే ఆ భాగం కత్తిరించి పారేస్తే సరి!"

ఆవిడ చేతిలో దుప్పటి జారి వీధిలో పడింది. ఆవిడ అడిగింది తీగ గురించి కాదు, ఆయన ముఖం గురించి.

పెయింటరుకు పచ్చకామెర్లనీ, పైగా మతి చలించిందనీ భవనమంతా పాకిపోయింది. కామెర్లు నీళ్లవల్లే వస్తాయంటూ భవనం సెక్రటరీ ట్యాంకు నీళ్లు కట్టేశాడు. దాంతో అద్దం చూసుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తిన పెయింటరుకు చుక్క నీరు దొరకలేదు. ఆలోపే సెక్రటరీ తోటకు ఫోన్ చేశాడు. "అమ్మా, కంగారు పడకండి గానీ వెంటనే రండి. మీ ఆయన పసుపుముద్దయిపోయారు. ఏవో కత్తిరించుకుంటానంటున్నారట!"

ఆవిడ చేతిలో పురుగుల పెట్టె ఉన్న సంగతే మరిచి పరుగెత్తుకొచ్చింది. పెట్టె తీగ మొదట్లో పడేసి, ఆయన ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని బావురుమంది. "నాకొక్క మాట చెప్పొద్దూ? మీకేమైనా అయితే నేనేం కావాలండీ?"

తీరా చూస్తే ఆవిడ వేళ్లకూ పసుపు అంటుకుంది. వాసన చూసింది. ఆకుల వంక చూసింది.

"కర్చీఫులు వేశానోయ్" అన్నాడు ఆయన నెమ్మదిగా.

తిట్టాలో నవ్వాలో తెలియక ఆవిడ రెండూ చేసింది. ఈలోగా ఒరిగిన పెట్టెలోంచి ఆకలిమీదున్న పురుగులు తీగ ఎక్కేస్తున్నాయి. వాటికి సీటుతో పనిలేదు, భోజనానికి వచ్చాయి. ఆవిడ గబగబా ఏరబోయింది.

"ఉండు" అన్నాడాయన. అప్పుడే చూశాడు, ఆవిడ ఒక కాలికి చెప్పు లేదు. గుండె కరిగిపోయింది. "తిననీ. రంగు మాత్రం కడుపులోకి పోకూడదు."

బిందెలో మిగిలిన తాగేనీళ్లతో గుడ్డ తడిపి, ఆకాకూ తుడిచి, చంటిపిల్లలకు పెట్టినట్టు స్వయంగా అందించాడు. సాయంత్రానికి మొగ్గతో సహా తీగ ఖాళీ.

"బాధగా ఉందా?" అంది.

"ఏడుపొస్తోంది. కానీ ఒంటి చెప్పుతో పరిగెత్తుకొచ్చావే, దానిముందు పువ్వెంత?"

ట్యాంకు నీళ్లు వదిలాక ఆయన ముఖం కడుక్కుని బయటికొస్తే, ఎదురుపడ్డ మేడమీదావిడ తెల్లబోయింది. కామెర్లు మాయమైన ముఖాన్నీ, బోసితీగనూ, బలిసిన పురుగులనూ మార్చి మార్చి చూసి, ఏదో అర్థమైనట్టు తలూపుకుంటూ మెట్లెక్కింది.

మర్నాడు పొద్దున్నే సెక్రటరీ వచ్చి, మోకాళ్లనొప్పికి రెండు పురుగులు ఇప్పించమని అడిగాడు.