గెడ్డకి వేసిన కొసరు

తాను రాసే అంకెలు ఎవరైనా చదువుతున్నారా అన్నది నరసింగరావుకి పద్దెనిమిదేళ్ళుగా ఉన్న సందేహం.

రోజూ పొద్దున్నే స్నానం చేసి, సూర్యభగవానుడికి దండం పెట్టుకుని, నీలంవలస వాగు వంతెన కిందికి దిగుతాడు. అక్కడ స్తంభానికి బిగించిన గేజీ మీద గెడ్డ నీరు ఎంత ఎత్తున ఉందో చూసి పుస్తకంలో రాసుకుని, ఫోనులో ఆఫీసుకి పంపుతాడు. సర్కారు అతనికి అప్పగించిన పని అదే. పంపినది అందిందని గాని, అందలేదని గాని అటునుంచి ఒక్కనాడూ జవాబు రాలేదు. ఉద్యోగంలో చేరిన వారానికే గెడ్డ ఒడ్డున ఉన్న అమ్మవారికి మొక్కుకున్నాడు: "తల్లీ, నా లెక్కని నీటితో సరిచూసినోళ్ళు ఒక్కరు దొరికితే నీకు కొబ్బరికాయ కొడతాను." ఆ కాయ బాకీ అలాగే ఉండిపోయింది.

అందుకే కోటబొమ్మాళిలో మంత్రిగారి సభకి రమ్మని కబురు వస్తే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంచిలో ఒక కొబ్బరికాయ వేసుకుని మరీ వెళ్ళాడు.

వేదిక మీద డాక్టర్ యుగంధర్ గారున్నారు. వరదల మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన గెడ్డని చూడలేదు గాని, గెడ్డ అంకెలన్నీ చూశారు. తెర మీద తిన్నగా పైకి పోతున్న ఎర్ర గీత ఒకటి చూపించారు.

"నీలంవలస గెడ్డ మట్టం ఏటా సరిగ్గా రెండు సెంటీమీటర్లు పెరుగుతోంది. వానలు పడ్డ ఏడాదీ పెరిగింది, కరువు ఏడాదీ పెరిగింది. నా సర్వీసులో ఇంత క్రమశిక్షణ గల నీటిని చూడలేదు."

మంత్రి రమేష్‌బాబు గారు ఉప్పొంగిపోయారు. గెడ్డకి అడ్డంగా వరద గోడ కట్టిస్తామన్నారు. వచ్చే సోమవారమే శంకుస్థాపన అన్నారు. దిగువ వీధిలోని ముప్ఫై ఇళ్ళు రెడ్ జోన్‌లో ఉన్నాయి కనుక నెల తిరక్కుండా తీసేసి, జనాన్ని కాపాడతామన్నారు. సభ అంతా చప్పట్లు కొట్టింది.

నరసింగరావు చేతులు మాత్రం చప్పట్ల మధ్యలో ఆగిపోయాయి. రెండు సెంటీమీటర్లంటే ఒక వేలు మందం. ఆ వేలు ఎవరిదో అతనికి తెలుసు.

వాళ్ళింట్లో కళ్ళం మీద అమ్మవారి వంతు ధాన్యం కొలిచేటప్పుడు కుంచం పైన కొసరు వేయడం తాతల నాటి ఆచారం. ఆ కొసరు ఏటేటా కొంచెం పెంచాలే గాని తగ్గించకూడదు. సర్కారు కూడా కంటికి కనపడకుండా ఎక్కడో ఉండి, ఇచ్చింది పుచ్చుకుని, పలకనిదే కదా అని నరసింగరావు దానికీ అదే మర్యాద చేశాడు. మొదటి ఏడు గేజీ లెక్క మీద ఒక వేలు మందం కొసరు. రెండో ఏడు రెండు వేళ్ళు. ఇప్పటికి పద్దెనిమిది.

ఊరికి వచ్చేసరికి దిగువ వీధిలో మరదలు కూర్మమ్మ తన గుమ్మంలో నిలబడి ఉంది. తలుపు మీద నోటీసు ఉంది.

"ఏటి బావా, నా ఇంట్లోకి నీరొస్తాదట. కాపరానికొచ్చి నలభై ఏళ్ళయినాది, గడప తడిసింది లేదు. ఎవుడు సెప్పినాడట?"

"సైంటిస్టు సెప్పినాడు."

"ఆడికెవుడు సెప్పినాడు?"

నోటీసుకి రాసిన జిగురు బాగా పట్టిందో లేదో నరసింగరావు శ్రద్ధగా పరిశీలించాడు.

మర్నాడు శ్రీకాకుళం వెళ్ళి, గెస్ట్ హౌసులో యుగంధర్ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, పెరిగింది గెడ్డ కాదండి. నానండి. ఏటా ఒక వేలు కొసరు ఏసినాను."

"అబ్జర్వర్ ఎర్రరా?"

"అంత పెద్దది కాదండి. ఒక్క వేలే."

యుగంధర్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూడండి, నా పేపరు రెండు దేశాల్లో చదివి ఒప్పుకున్నారు. ఇప్పుడు మీరొచ్చి కాదంటే, మీ నోటి మాట మీద సైన్సు నడుస్తుందా?"

"పద్దెనిమిదేళ్ళూ నా మాట మీదే నడిసింది కదండి."

"పంపేదాకా డేటా మీది. పంపాక సైన్సుది. కావాలంటే రాసివ్వండి, కమిటీ వేయిస్తాను. మూడేళ్ళలో తేలుస్తారు."

"ఇళ్ళు నెలలో కూల్చేత్తారండి."

"కమిటీ తప్పంటే మళ్ళీ కట్టిస్తారు."

సోమవారం శంకుస్థాపన ఘనంగా జరిగింది. మంగళవారం పొద్దున్న నరసింగరావు అమ్మవారి ముందు లెంపలు వేసుకున్నాడు. పెంచిన కొసరు తీసేయడం పాపమని తెలుసు. తీయకపోతే కూర్మమ్మ వీధిన పడుతుందనీ తెలుసు. ఏ పాపం చిన్నదో కాసేపు ఆలోచించి వంతెన కిందికి దిగాడు. గేజీ మీద ఎంత ఉందో అంతే రాశాడు. అంతే పంపాడు. సంజాయిషీ అడుగుతారేమోనని సాయంత్రం దాకా ఫోను చేతిలో పట్టుకునే కూర్చున్నాడు. అది మోగలేదు.

బుధవారం పేపర్లో మంత్రిగారి ఫొటో వచ్చింది. "శంకుస్థాపనకే అడుగు పైచిలుకు తగ్గిన గెడ్డ" అని పైన పెద్ద అక్షరాలు. రాయి వేస్తేనే ఇంత తగ్గితే గోడ కట్టాక గెడ్డ ఎండిపోయే ప్రమాదం ఉంది కనుక, రైతుల మేలు కోరి గోడ ఆపేస్తున్నామని, లక్ష్యం నెరవేరింది కనుక రెడ్ జోన్ కూడా ఎత్తేస్తున్నామని ఆయన ప్రకటించారు. శంకుస్థాపన రాళ్ళకీ నీటి మట్టానికీ ఉన్న సంబంధం మీద యుగంధర్ గారు కొత్త పేపరు మొదలుపెట్టారట.

నరసింగరావు ఆ వార్త రెండుసార్లు చదివి గెడ్డకి వెళ్ళాడు. సభకి తీసుకెళ్ళిన కొబ్బరికాయ ఇంకా సంచిలోనే ఉంది. కొట్టాలా వద్దా అన్నది తేలలేదు. ఇన్నాళ్ళకి అంకెలైతే చదివారు. మరి నీరు?

రేవులో కూర్మమ్మ గిన్నెలు తోముతోంది.

"బావా, గెడ్డ అడుగు తగ్గినాదని పేపర్ల ఏసినారట కదా?"

"ఏసినారు."

"సోమారం మూడో మెట్టు మీద కూకుని తోమినాను. ఇయ్యేళా మూడో మెట్టు మీదే కూకున్నాను. ఇదేటని నీ గేజీ కాడికెళ్ళి సూసినాను. మొన్నటి నాచు గీత కాడే ఉన్నాది నీరు." ఆమె బూడిద చేత్తో వంతెన వైపు చూపించింది. "నువ్వేటి రాత్తన్నావు బావా రోజూ?"

నరసింగరావు మెట్లెక్కి అమ్మవారి రాయి దగ్గరికి వెళ్ళి, సంచిలోంచి కాయ తీసి, ఒక్క దెబ్బకి కొట్టాడు. ఒక చెక్క అమ్మవారి ముందు పెట్టి, రెండోది తెచ్చి కూర్మమ్మ తడి చేతిలో పెట్టాడు.