అమ్ముడుపోయిన గడ్డికి కాపలా

"ఈ దేశంలో ఇకమీదట ఒక్క గడ్డిపరక కూడా అమ్ముడుపోకుండా మిగలదు" అని పశుగ్రాస శాఖ మంత్రిగారు ప్రకటించారు. పథకం పేరు 'పొలం నుంచి ప్రజల్లోకి'. ప్రారంభోత్సవానికి ఒక చిన్నరైతు పొలాన్ని ఎంపిక చేశారు. పక్కనే హెలికాప్టర్ దిగడానికి చదునైన జాగా ఉండటమే దాని అర్హత. పొలంలో గడ్డి కూడా ఉందని తర్వాత తెలిసి అధికారులు మరింత సంతోషించారు.

గడ్డి నిజంగానే బాగుంది. పూత కనిపించగానే కోసి, ఎండలో తిరగేసి తిరగేసి ఆరబెట్టారు. గుప్పెడు పరకలు మెలిపెట్టి, అవి పుటుక్కున విరిగితే తప్ప రైతు భార్య మోపు కట్టనివ్వలేదు. ఎండినా రంగు తగ్గలేదు. కొట్టం నిండా మోపులే. కొట్టం కప్పు మాత్రం చినుకు పడితే చాలు, కారుతుంది. తడిసి బూజు పట్టిన గడ్డికి పశువులు మూతి కూడా ఆనించవు. వానలు దిగేలోపు సరుకు కదలాలి, ఆ వచ్చినదానితోనే మళ్లీ విత్తనం చల్లాలి. రైతుకి తెలిసిన పథకం అదొక్కటే.

ఏటా గడ్డంతా డెయిరీ యజమానే కొంటాడు. ఈసారీ మాటిచ్చాడు. ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే లారీ వేసుకుని వచ్చేశాడు. శాఖ జాయింట్ డైరెక్టర్‌గారు ఆ లారీని గేటు దగ్గరే ఆపించారు.

"అతను నా బేరగాడు సార్. మొత్తం కొంటాడు" అన్నాడు రైతు.

"అదేనయ్యా ఇబ్బంది. ఒక్కడే మొత్తం కొంటే అది వ్యాపారం. వందమంది కొంటే ఉద్యమం. మంత్రిగారు వ్యాపారం చూడ్డానికి హెలికాప్టర్‌లో వస్తారా?"

"మరి ఆ వందమంది ఏరి సార్?"

"బస్సుల్లో ఉన్నారు."

ఉద్యమం బస్సులు దిగింది. అందరూ పార్టీ కార్యకర్తలే, అందరివీ ఇస్త్రీ చొక్కాలే. జాయింట్ డైరెక్టర్‌గారు వాళ్లకి ఓపిగ్గా పాఠం చెప్పారు. మంత్రిగారి చేతుల మీదుగా మోపు అందుకోవాలి, నెత్తిన పెట్టుకోవాలి, కెమెరా వైపు తిరగాలి, ముందు గేటులోంచి బయటికి నడవాలి. ఒక కార్యకర్తకి ధర్మసందేహం వచ్చింది. తన ఇంట్లో పశువులు లేవు, ఈ గడ్డి తనేం చేసుకోవాలి?

"ప్రహరీ చుట్టూ తిరిగొచ్చి వెనక గేటులోంచి ఇచ్చెయ్. తర్వాతివాడు కొనుక్కుంటాడు" అన్నారాయన.

ఇంత సరళమైన పంపిణీ వ్యవస్థని రైతు జీవితంలో చూడలేదు. తలుపు దగ్గరి మోపులు నాలుగే ముందు గేటులోంచి వెళ్తున్నాయి, వెనక గేటులోంచి వస్తున్నాయి. లోపలి మోపులకి శ్రమే లేదు. వెళ్లిన ప్రతిసారీ మోపు కొంచెం రాలేది, దారి పొడుగునా ఉద్యమం ఆనవాళ్లు పరుచుకునేవి. మధ్యాహ్నానికి మోపులు దిండ్లంత అయ్యాయి. ఆ తర్వాత చీపురు కట్టలంత అయ్యాయి. చివరి కొనుగోలుదారుకి మంత్రిగారు వట్టి తాడు అందించారు. అతను దాన్ని నెత్తిన పెట్టుకుని, బరువుకి నడుం వంగిపోతున్నట్టు నడిచి వెళ్లాడు. ఫొటోగ్రాఫర్ కళ్లు తుడుచుకున్నాడు. నలకలు పడ్డాయేమో.

సాయంత్రం లెక్క తేల్చారు. పండినదానికి రెండింతల గడ్డి అమ్ముడైంది. వ్యవసాయ చరిత్రలో ఇలాంటిది జరగలేదని మంత్రిగారు అన్నప్పుడు రైతుకి ఆ మాటలో అబద్ధం కనిపించలేదు.

డబ్బు సంగతి అడిగాడు. చెల్లింపులు రెండో దశలో ఉంటాయన్నారు. పోనీ, కొట్టంలో మిగిలింది డెయిరీ అతనికి ఇచ్చేసుకుంటానన్నాడు.

"మిగలడమేంటి?" జాయింట్ డైరెక్టర్‌గారి మొహం ఎర్రబడింది. "మొత్తం అమ్ముడైందని మంత్రిగారు మైకులో చెప్పారు. లోపలున్నది కొన్నవాళ్ల సరుకు. వాళ్లు వచ్చి పట్టుకెళ్లేదాకా ఒక్క పరక ముట్టుకున్నా దొంగతనం కింద లెక్క." కొట్టం తలుపుకి సీలు వేయించారు. రైతు కష్టం చూసి మనసు కరిగి, ఆ సరుకుకి గౌరవ కాపలాదారుగా అతన్నే నియమించారు.

డెయిరీ యజమాని మలుపు దగ్గర పొద్దుగూకేదాకా చూశాడు. అతని ఆవులు పథకాలు తినవు. లారీ తిప్పుకుని ఇంకోచోట గడ్డి కొనుక్కున్నాడు.

కొన్నవాళ్లు రాలేదు. రైతు శాఖకి ఫోన్ చేస్తే, వాళ్లంతా ఇప్పుడు వేరే చోట మత్స్యశాఖ మంత్రిగారి దగ్గర చేపలు కొంటున్నారని తెలిసింది. మబ్బు పట్టింది. మళ్లీ ఫోన్ చేశాడు. వాన పడింది. కొట్టం కారుతోందని చెప్పాడు.

"కొనేటప్పుడు ఆ మాత్రం చూసుకోవద్దా? వాళ్ల అజాగ్రత్తకి శాఖ బాధ్యత వహించదు" అన్నారు జాయింట్ డైరెక్టర్‌గారు.

సీలు వెనకనుంచి ముక్కిన వాసన మొదలైంది. రైతుకున్న రెండు ఆవులూ కొట్టం గోడకి మొహాలు పెట్టి అరిచాయి.

"గోడని చూపించి ఎన్నాళ్లు మేపుతారు వాటిని?" అంది భార్య. "డెయిరీలో మిగులు గడ్డి అమ్ముతున్నారట, వెళ్లండి. సిగ్గుపడితే నేనే వెళ్తాను."

వెళ్లాడు. డెయిరీ గేటు ముందు గడ్డి కోసం వచ్చినవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. రైతు ఆఖర్న నిలబడ్డాడు. డెయిరీ యజమాని అతన్ని చూసి ఒక్కక్షణం చూపు తిప్పుకున్నాడు. తర్వాత తనే మోపు తెచ్చి నెత్తికెత్తాడు.

"మీ గడ్డంత బాగుండదన్నా. ఏమీ అనుకోకు."

"అనుకోవడానికేముంది, ఆవులకి చెప్తాను" అన్నాడు రైతు.

వరసని ఫొటో తీయడానికి వచ్చిన విలేఖరి అతన్ని గుర్తుపట్టాడు. మర్నాడు పత్రికలో మొదటి పేజీలో పడింది: 'పథకం ఘనవిజయం. గడ్డికి ఎంత గిరాకీ అంటే, పండించిన రైతే వరసలో నిలబడి కొనుక్కుంటున్నాడు.'

పొద్దున్నే జాయింట్ డైరెక్టర్‌గారు స్వయంగా ఫోన్ చేశారు. మంత్రిగారు ఎంతో ఆనందించారని, ఆ పేజీకి ఫ్రేమ్ కట్టించుకున్నారని చెప్పారు. ఒక్కటే చిన్న లోటట.

"ఫొటోలో కాస్త నవ్వాల్సిందయ్యా. పోనీలే, రేపు మళ్లీ వెళ్తావుగా, అప్పుడు నవ్వు."