మంత్రిగారి కుళాయి

దేశంలో ఏ విషమూ ఇకపై ప్రభుత్వానికి తెలియకుండా గ్లాసులోకి దిగదని కైరోలో మంత్రిగారు ప్రకటించారు. నీళ్లలో ఒకే ఒక్క విషపు అణువున్నా పట్టేసే యంత్రాన్ని గురువారం డెల్టాలోని ఒక బాలికల బడిలో తానే ప్రారంభిస్తానన్నారు. ఆ యంత్రం తయారుచేసిన డాక్టర్ రవ్యకు ఈ సంగతి పేపరు చదివాకే తెలిసింది. ఆమె కూతురు ఫరహ్ ఆ బడిలోనే నాలుగో తరగతి.

యంత్రం చిన్నదే. లోపల ఒక్కో రకం అణువుకు ఒక్కో సన్నటి గాలం. గాలానికి అణువు తగిలితే ఎర్రదీపం, లేకపోతే ఆకుపచ్చ దీపం. దానికోసం ఆరేళ్లు ఆమె సరిగ్గా నిద్రపోలేదు. సోమవారం బడి కుళాయి నీళ్లు పరీక్షిస్తే ఆకుపచ్చ వెలిగింది. తల్లి మనసు కుదుటపడింది.

అయితే మంత్రిగారు వస్తున్నారంటే జిల్లా చేతులు ముడుచుకుని కూర్చోదు. విద్యాధికారి ఫత్‌హల్లా గారు ఇప్పటికి పదకొండుమంది మంత్రుల్ని స్వాగతించిన చెయ్యి తిరిగిన మనిషి. గేటు, గోడలు, ఖర్జూర చెట్ల మొదళ్లు, జెండా కర్ర కింద రాళ్లు, అన్నిటికీ ఆకుపచ్చ రంగు రెండేసి పూతలు వేయించారు. నీళ్ల ట్యాంకుకు లోపల కూడా వేయించారు. మంత్రిగారు తొంగిచూస్తే? అదీ ముందుచూపంటే!

బుధవారం రవ్య మళ్లీ పరీక్షించింది. ఎర్రదీపం.

"మీ యంత్రానికి దిష్టి తగిలింది డాక్టరమ్మా," అన్నారు ఫత్‌హల్లా గారు.

"దిష్టి కాదు సార్, రంగు తగిలింది. ట్యాంకులో ఏం రంగేశారు?"

పెయింటర్ షాబాన్ ఛాతీ విరిచాడు. "పాతకాలం సరుకండీ! సీసం దండిగా ఉన్నది. నిషేధించాక ఎక్కడా దొరకట్లేదు. మంత్రిగారు కదా అని దాచిందంతా బయటికి తీశాను."

రవ్య ఫత్‌హల్లా గారి వైపు తిరిగింది. "పిల్లలు తాగే నీళ్లు సార్! ఇప్పుడే ట్యాంకు మూసెయ్యండి!"

"మూసేస్తే మంత్రిగారు దేన్ని తిప్పుతారు? ఇంతకీ ఎన్ని అణువులు పట్టింది?"

"లెక్కలేనన్ని."

"మీరు చేసింది ఒక్కదాన్ని పట్టడానికి. లెక్కలేనన్నిటితో ఈ యంత్రానికి సంబంధం లేదని రాసిచ్చెయ్యండి."

"రాయను. రేపు మంత్రిగారికే చెబుతాను."

ఆయన నొచ్చుకోలేదు. అంత పెద్దమనసు. మూడు చెంచాల చక్కెరతో టీ తెప్పించి, "నిశ్చింతగా ఇంటికెళ్లు తల్లీ. నీ యంత్రం పరువు నేను కాపాడతాను," అన్నారు.

గురువారం ఎర్రటి ఎండలో మంత్రిగారు కుళాయి తిప్పారు. యంత్రం మీద రెండు దీపాలూ ఆకుపచ్చగా ఉన్నాయి. వెలిగాయో లేదో ఆ ఎండలో ఎవరు చూడొచ్చారు? చప్పట్లు, బ్యాండు మోగిపోయాయి.

రవ్య జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఆ నీళ్లు తాగకండి సార్!"

"కంగారు పడకమ్మా, నాకు వేరే బాటిల్ ఉంది," అని మంత్రిగారు ఓదార్చి, నిండు గ్లాసును ముందు వరసలోని పాపకు అందించారు. ఆ పాప ఫరహ్.

రవ్య గ్లాసు లాగి పారేసింది. ఆ ఊపులో తూలి యంత్రాన్ని పట్టుకుంది. వేళ్లు దీపం మీద జారాయి. వేళ్లకు ఆకుపచ్చ అంటుకుంది, అద్దం మీద ఆ మేరకు ఎరుపు బయటపడింది. బ్యాండు ఆగిపోయింది.

షాబాన్ సిగ్గుతో తలవంచుకున్నాడు.

"రెండో పూత ఆరడానికి టైమివ్వలేదండీ."