సువార్తమ్మ గారి ఎదురు

సువార్తమ్మ గారిని బుధవారం సాయంత్రం సమాధుల తోటలో పెట్టి వచ్చారు. గురువారం ఉదయం ఎనిమిదీ నలభైకి దైవాధీనం మాస్టారు గేటు తీయగానే ఆమె ఎదురు ఎప్పటిలాగే వచ్చింది.

మనిషి రాలేదు, ఎదురొక్కటే వచ్చింది. పెరటి గడియ తీసిన చప్పుడు, నూతి గట్టు పక్కన తడి చెప్పుల టపటప, గోరింట కంచెకి కొంగు రాసుకున్న అలికిడి. నిండు చెంబులోంచి తొణికిన నీటి చుక్కలు సిమెంటు మీద ఒకదాని వెనక ఒకటి పడుతూ ఇల్లు చుట్టి గేటు దాకా వచ్చాయి. అక్కడ మాస్టారి ముందు ఒక్క క్షణం ఆగి, పక్కనుంచి లోపలికి వెళ్లిపోయాయి. మాస్టారు అలవాటుగా "వెళ్లొస్తా" అని, మరణ ధ్రువీకరణ పత్రం కోసం మునిసిపాలిటీకి బయల్దేరారు.

ఇందులో వింతేమీ లేదు. ఆ ఊళ్లో మనుషులు పోయినా వాళ్ల పట్టింపులు వెంటనే పోయేవి కావు. మిగతా ఇళ్లలో వాటిని ఇంట్లోనే ఉంచుకునేవారు. క్రైస్తవుల ఇళ్లలో మాత్రం నలభై రోజుల్లోగా చర్చి ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకోవాలి. చర్చి వెనక, దొరల కాలంలో గుర్రబ్బండి పెట్టుకున్న గదిని ఇందుకు కేటాయించారు. పాత తుమ్ములన్నీ అందులో బెంచీల మీద కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరదామని ఏళ్ల తరబడి చూస్తుంటాయి. ఎవరో ఒక ముసలాయన తాలూకు వెనక్కి పిలిచే పిలుపు ఒకటుంది. గది తలుపు వేసినప్పుడల్లా "ఒరేయ్, ఒక్కమాట" అంటుంది.

ఆఫీసులో రిజిస్టర్లు రెండు. గుమ్మానికి నిమ్మకాయ కడితే ఎర్ర రిజిస్టరు. అదే గుమ్మానికి ప్రార్థన చేయించిన నూనె సీసా కడితే నీలం రిజిస్టరు. నీలంలోవి అప్పగించనక్కర్లేదు.

సంఘ కార్యదర్శి కృపాదానం గారు ఇరిగేషన్ శాఖలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. మరుసటి శుక్రవారం ఫారం పట్టుకుని పదిన్నరకే వీధి మొగకి వచ్చి, సోడా బండి దగ్గర నిలబడి, పన్నెండూ రెండుకి మాస్టారి గుమ్మం ఎక్కారు.

"ఎండ తగ్గనిచ్చి వద్దామని ఆగానండి," అన్నారు చెమట తుడుచుకుంటూ. "రకం అన్నచోట ఎదురు అని రాయండి. ఉపరకం పుణ్యస్త్రీ."

"ఆవిడ పోయింది కదండీ."

"మీరున్నారుగా. భర్త ఉండగా పోయింది గాబట్టి ఆ కిందకే వస్తది. మంచి రకం అండి, మన సంఘంలో ఇదొక్కటే."

మాస్టారు ఫారాన్ని రెండువైపులా చదివారు. ముప్ఫై మూడేళ్లు వృక్షశాస్త్రం చెప్పిన మనిషి, ఏ కాగితమైనా వెనకవైపు కూడా చదువుతారు.

"అప్పగించకపోతే?"

"ఈస్టరు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం మీకియ్యరు. బల్లలో లేనోళ్లకి తోటలో చోటు రాదు. అమ్మగారి పక్కన మీ పేరున ఆపిన ఆరడుగులుంది చూడండి, అది లిస్టులో తర్వాతోళ్లకి పోద్ది."

"తర్వాత ఎవరున్నారు?"

కృపాదానం గారు కాసేపు నూతి వైపు చూశారు. "చెప్పగూడదు గానీ, నేనేనండి. నిమ్మళంగా ఆలోచించుకోండి, తొందరేం లేదు. అప్పగింత మాత్రం మంగళవారం పెట్టుకోవద్దు. ఆ రోజు ఆఫీసులో రద్దీ."

మంగళవారం ఆఫీసుకి సెలవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మాస్టారికి మిగిలిన రోజులు ముప్ఫై ఒకటి. ఎదురుని ఉంచుకుంటే రోజూ ఉదయం సువార్తమ్మ గారిలో ఆ కాస్త భాగం ఉంటుంది, చివరికి ఆమె పక్కన కృపాదానం గారుంటారు. అప్పగిస్తే చివరికి ఆమె పక్కన తనుంటారు గానీ, ఈలోపు ఎన్నేళ్లో తెలియని ఉదయాలు ఖాళీ. మాస్టారు రోజూ పడక్కుర్చీలో కూర్చుని ఈ రెంటినీ తూచి చూసేవారు. ఏ రోజూ ఒకవైపు మొగ్గలేదు.

ఈ ఎదురు మొదలై ముప్ఫై ఎనిమిదేళ్లు. కొత్తగా ఉద్యోగంలో చేరే రోజున మాస్టారికి ఖాళీ బిందెతో ఒకావిడ ఎదురైంది. బస్సు తప్పిపోయి, మొదటి రోజే ప్రిన్సిపాలుతో చీవాట్లు తిన్నారు. మర్నాటి నుంచి సువార్తమ్మ గారు ఆయన చెప్పులేసుకోవడం చూసి, పొయ్యి మీద ఉన్నది పొయ్యి మీదే వదిలి, పెరటి గుమ్మంలోంచి బయటపడి, ఇల్లు చుట్టి నిండు చెంబుతో వీధిలోంచి ఎదురొచ్చేది, అప్పుడే అనుకోకుండా తటస్థపడినట్టు. నడిచినంతసేపూ పెదవులు కదిలేవి. ప్రార్థన చేసేది. ఇల్లు చుట్టడానికి పట్టే సమయానికి సరిగ్గా సరిపోయే ప్రార్థన ఒకటి ఆమెకి తయారైపోయింది.

"దేవుడు ముందు నడుస్తాడని ఆదివారం గొంతెత్తి పాడతావు. మళ్లీ నువ్వెందుకు ఎదురు?" అని కొత్తల్లో ఆయన ఏడిపించేవారు.

"ఆయన ముందు నడిస్తే నడవనియ్యండి. మీ మొహం ఎట్టా ఉందో ఎదురొచ్చేవాళ్లకే గదా కనపడేది," అనేది.

వానల్లో చెంబు మీద పళ్లెం మూసుకుని వచ్చేది. కాలు విరిగి కట్టు వేసినప్పుడు పక్కింటావిడ భుజం పట్టుకుని కుంటుతూ వచ్చింది. ఆ నెల్లో ఆయన రోజూ కాలేజీకి పావుగంట ఆలస్యమయ్యారు. చివరి ఏడాది, ఆమె పరీక్షల రిపోర్టులు తేవడానికి ఆయన బయల్దేరుతుంటే మంచం మీంచి లేచి, గోడ పట్టుకుని, సగం చెంబుతో వచ్చింది. రిపోర్టు బాగా రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ కవరు బల్ల మీద పెట్టి, ఉండబట్టలేక, "ఏమైందోయ్ నీ ఎదురు?" అన్నారు.

"మీరు క్షేమంగా తిరిగొచ్చారుగా," అంది. "నేనడిగింది అంతవరకే."

ముప్ఫై తొమ్మిదో రోజున మాస్టారు ఫారం మీద సంతకం పెట్టారు. కారణం అన్న గడిలో ఏమీ రాయలేదు. అన్నేళ్లు మూడడుగుల దూరంలో పడుకున్నాక, ఆ పక్క మరొకరికి ఇవ్వడం ఎట్లాగో ఆయనకి తెలియలేదు, అంతే.

అప్పగింతలో ఒక చిక్కొచ్చింది. ఎదురు అనేది వెంట రాదు, ఎదురే వస్తుంది. ఇంటి దగ్గర బయల్దేరితే గేటు దాకా వచ్చి ఇంట్లోకి పోతుంది గానీ చర్చికి రాదు. కమిటీ రెండు గంటలు చర్చించి ఒక పద్ధతి కనిపెట్టింది. మాస్టారే చర్చికి వచ్చి, అక్కణ్ణించి ఇంటివైపుగా బయల్దేరాలి. ఇంటి దగ్గరున్న ఎదురు అప్పుడు చర్చి దాకా రాక తప్పదు.

మర్నాడు ఉదయం మాస్టారిని వెనక సందులోంచి, ఎదురుకి తెలియకుండా, చర్చికి తీసుకొచ్చారు. గేటు దగ్గర నిలబెట్టి చేతికి గొడుగూ సంచీ ఇచ్చారు.

"ఉత్తుత్తిగా బయల్దేరితే రాదండి," అన్నారు కృపాదానం గారు. "మనసులో నిజంగా అనుకోవాలి."

మాస్టారు అనుకున్నారు. చెప్పులు వేసుకుని ఒకడుగు వేశారు.

బజారు ఆ చివర అలికిడైంది. కూరగాయల బళ్ల మధ్యనుంచి తడి చెప్పుల చప్పుడు వస్తోంది. జనం పక్కకి జరిగి దారిచ్చారు. ఒక ఆటో అతను ఇంజను ఆపేశాడు. అంత దూరం అది ఎన్నడూ నడిచింది కాదు. మూడు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. ఇల్లు చుట్టే ప్రార్థన ఎప్పుడో అయిపోయి ఉంటుంది, మళ్లీ మొదటినుంచీ అందుకున్నట్టు సన్నటి గొణుగుడు వినిపించింది. నీటి చుక్కల వరస రోడ్డు దాటి, చర్చి గేటు ముందు మెట్లెక్కి, ఆయన ముందు ఆగింది. చెంబులో ఇక నాలుగు చుక్కలే ఉన్నాయి కాబోలు, అవి కూడా అక్కడ పడ్డాయి.

"వెళ్లొస్తా," అన్నారు మాస్టారు.

ఎదురు ఆయన పక్కనుంచి లోపలికి వెళ్లింది. కృపాదానం గారు గేటు వేశారు.

గది తాళం ఎస్తేరమ్మ దగ్గరుంటుంది. ఆమెకి భర్త పోయి ఇరవై రెండేళ్లు. చర్చి గంట కొట్టడం, ఊడ్చడం ఆమె పని. పెద్దలు ఎవరైనా బయల్దేరుతుంటే గోడ వైపు తిరిగి నిలబడుతుంది. అది ఎర్ర రిజిస్టర్లోనూ లేదు, నీలంలోనూ లేదు. మర్యాద కింద వస్తుందని కమిటీ తీర్మానించింది.

"మంచినీళ్లు పోసి పెడతాలెండి అమ్మగారి చెంబులో," అంది ఎస్తేరమ్మ తాళం వేస్తూ. "ఎండన పడొచ్చింది."

ఈ దైవాధీనం అను సభ్యుని వద్ద ఏ విధమైన మూఢాచారమూ మిగిలి లేదని కమిటీ సర్టిఫికెట్ ఇచ్చింది. ఆరడుగులు ఖాయమయ్యాయి. పది రోజుల తర్వాత పెద్దలు చర్చి స్థలం కేసుకి జిల్లా కోర్టుకి బయల్దేరుతుంటే, జీపు ముందు సిమెంటు మీద నీటి చుక్కలు పడటం మాస్టారు చూశారు. తడి చెప్పులు ఒక్కొక్కరి ముందూ ఒక్కో క్షణం ఆగుతున్నాయి. ఎస్తేరమ్మ గోడ వైపు తిరిగి ఉంది.

"ఊరికే గదిలో పెడితే పాడవుద్దని, కాస్త నడిపిస్తన్నామండి," అన్నారు కృపాదానం గారు. "వాడకం కాదు ఇది, పరిరక్షణ."

మాస్టారు అవునన్నట్టు తలాడించారు. అటు తర్వాత పెళ్లిచూపులకీ, ఇంటర్వ్యూలకీ కూడా పరిరక్షణ సాగింది. ఆయన కూడా ఒకరోజు వరసలో నిలబడి చూశారు. అది అందరి ముందూ ఆగినంతసేపే ఆయన ముందూ ఆగింది. వెనక నిలబడ్డ పెళ్లికొడుకు తండ్రి "జరగండి మాస్టారూ" అంటే జరిగారు.

ఈస్టరు తర్వాత సోమవారం, అప్పగింత అయ్యాక మొదటిసారిగా ఎనిమిదీ నలభైకి, మాస్టారు లైబ్రరీకి వెళ్దామని గేటు తీశారు. సిమెంటు పొడిగా ఉంది. వీధి ఆ చివరిదాకా కనిపించింది. ముప్ఫై ఎనిమిదేళ్లలో గేటు దగ్గర నిలబడి ఆ వీధిని అంత దూరం ఆయనెప్పుడూ చూడలేదు. చూడనివ్వకుండా ఎప్పుడూ ఒక చెంబు అడ్డం ఉండేది. ఎదురెవరు వస్తున్నారో పట్టించుకోని మనిషినని ఆయన కాలేజీలో గొప్పగా చెప్పుకునేవారు. పట్టించుకోవలసిన అవసరం ఒక్క ఉదయమూ రాలేదన్న సంగతి ఇప్పుడు తోచింది.

వీధి మలుపులో ఎస్తేరమ్మ కనిపించింది. చర్చిలో బల్ల మీదికి పూల కోసం, చేతిలో ఖాళీ బుట్టతో వస్తోంది. అన్నేళ్లూ అదే వేళకి అదే వీధిలో వస్తూనే ఉందట.

మాస్టారు ఏమీ అనుకోలేదు. కాలు మాత్రం గేటు లోపలికి వచ్చేసింది. చెయ్యి గడియ వేసింది. అరుగు మీద కూర్చుని, కూజాలోంచి అర గ్లాసు నీళ్లు వంచుకుని తాగారు. తాగాక గ్లాసు వైపు చాలాసేపు చూశారు.

"నేను తప్పుకున్నానండి మాస్టారూ, ఎళ్లండి," అన్నది కరెంటు స్తంభం వెనకనుంచి ఎస్తేరమ్మ గొంతు.

"నీ గురించి కాదమ్మా. కళ్లజోడు మర్చిపోయి లోపలికొచ్చా."

కళ్లజోడు ఆయన మొహానే ఉంది. ఎస్తేరమ్మ స్తంభం పక్కనుంచి ఒకసారి చూసి, తల దించుకుంది.

"అవునండి, పెద్దతనంలో కళ్లజోడు మర్చిపోతే కష్టం," అంది నెమ్మదిగా. "తీసుకునే ఎళ్లండి. నాకేం తొందర."

మర్నాటి నుంచి ఆమె ఎనిమిదిన్నరకే ఆ వీధి దాటిపోవడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు.

ఆ ఆదివారం బల్ల దగ్గర ఇద్దరూ పక్కపక్కన మోకరించారు. పాస్టరు గారు గిన్నె ముందు ఆమెకి అందించి, అంచు తుడిచి, అదే గిన్నె మాస్టారికి అందించారు. ఆయన కళ్లు మూసుకుని భక్తిగా తాగారు. ఆ విషయంలో సంఘంలో ఎవరికీ ఏ పట్టింపూ లేదు. ఆరాధన ముగిశాక అందరూ ఇళ్లకి బయల్దేరుతుంటే ఎస్తేరమ్మ తలుపు చాటుకి వెళ్లి ఆగింది. మాస్టారు అది గమనించారు. దాటి వెళ్తూ, ఆమెకి కనపడేలా, కృతజ్ఞతగా తల వంచారు.