తప్పిపోయిన గొర్రె కేసు

గుండ్లవంకపాడు పోలీసు స్టేషనులో ఇకమీదట అనుమానితులను కొట్టరాదనీ, శాస్త్రీయంగా నిద్రపుచ్చి నిజం రాబట్టాలనీ సబిన్‌స్పెక్టరు రంగనాయకులు ఉత్తర్వు జారీచేశాడు. ఈ వార్తకు అందరికన్నా ఎక్కువగా బాధపడినవాడు హెడ్డు కానిస్టేబులు ఉరుకుందప్ప. "ఇన్నాళ్లూ మనం చేస్తాండింది నిద్రపుచ్చడమే గదా సార్," అన్నాడు లాఠీ వైపు దిగులుగా చూస్తూ.

నిద్రపుచ్చడానికి మదరాసు నుంచి హిప్నాటిజం ప్రొఫెసర్ వరదాచారి వచ్చాడు. తిరునాళ్లలో డేరా వేసి, పచ్చి వంకాయలను మామిడిపండ్లని నమ్మించి జనం చేత తినిపించినందుకు ఆయన కోటు నిండా పతకాలున్నాయి. నేరపరిశోధనకు ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

నిద్రపోవలసినవాడు ఊరి చివరి పేటలోని కూలి ఏసన్న. ఊరి మోతుబరి గంగిరెడ్డి పొట్టేలు కనబడకుండా పోయింది. గంగిరెడ్డి రెండు చేన్ల నడుమ ఏసన్నకు ఎకరన్నర చేను ఉంది. ఈ రెండు సంగతులకూ సంబంధమేమిటని అడిగేవాళ్లు పోలీసు ఉద్యోగానికి పనికిరారు. అది చెనిక్కాయ, అంటే వేరుశనగ, పీకే తరుణం. ఏసన్న జైలుకు పోతే పంట భూమిలోనే మొలకెత్తుతుంది. చేను అమ్ముకోక తప్పదు. ఊరి మేలు కోరి దాన్ని కొనే కష్టం గంగిరెడ్డి ఓర్చుకుంటాడు.

ఏసన్నను స్టూలు మీద కూర్చోబెట్టారు. స్టేషనులో కూర్చోమన్నారంటేనే అతనికి ప్రాణం పోయినంత పనయింది. ప్రొఫెసరు గడియారం ఊపుతూ, గొంతు సాగదీసి, "కుమారుడా, కన్నులు మూయుము. నీ హృదయమందు దాచినది పలుకుము" అన్నాడు.

ఇలాంటి తెలుగు ఏసన్న పుట్టి బుద్ధెరిగాక చర్చిలో తప్ప ఎక్కడా వినలేదు. అయితే ఈయన కొత్త పాదిరి అయ్యగారన్నమాట. భయం తీరిపోయింది. స్టూలు దిగి మోకాళ్లూని, చేతులు జోడించి, కండ్లు మూసి అందుకున్నాడు: "ప్రభువా, నేను ఘోర పాపిని. తప్పిపోయిన గొర్రెను. గొర్రెపిల్ల రక్తములో నన్ను కడుగుము."

సబిన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గొర్రె మాట ఎవరూ ఎత్తకముందే ముద్దాయే ఎత్తాడు. పొట్టేలును గొర్రె అనడం వట్టి గడుసుతనం. రక్తం పేరు వచ్చింది గనుక కోసినట్టు రుజువయింది. పైగా ఎవరూ ఫిర్యాదు చేయని గొర్రెపిల్ల కూడా ఒకటి బయటపడింది. అయ్యగారి దీవెన కోసం కండ్లు మూసుకుని కాచుకున్న ఏసన్న చేతులకు బేడీలు పడ్డాయి.

మరునాడు అతని భార్య సంతోషమ్మ వచ్చింది.

"సామీ, ఆ మాటలు మా ఇంటాయన ఒక్కడే గాదు, ఆదివారం ఆదివారం మా పేటంతా చెప్తాండాం."

"అందరూనా?" అన్నాడు సబిన్‌స్పెక్టరు.

"సంటిపిల్లోళ్లు తప్ప అందరం."

మొగుణ్ణి విడిపించుకుందామని ఆమె చెప్పిన ఈ సాక్ష్యం పోలీసు శాఖకు ఎంతో ఉపకరించింది. ఆదివారం సబిన్‌స్పెక్టరు బలగంతో పోయి చర్చి కిటికీల కింద పొంచాడు. లోపల ప్రార్థన నడిపే ఉపదేశి ప్రేమయ్య ఆ మాటలే చెప్పించాడు, పేటంతా ఒకే గొంతుతో నేరం ఒప్పుకుంది. ముఠా మొత్తం నాయకుడితో సహా దొరికింది. లాకప్పు చాలక ఏసన్నతో పాటు అందరినీ స్టేషను ఆవరణలో కూర్చోబెట్టి, ప్రొఫెసరుకు పూలదండ వేశారు. "లాఠీ దేహమును మాత్రమే తాకును. నా విద్య ఆత్మను తాకును" అని ఆయన ఉపన్యసించాడు. ఆనాటి నుంచి ఉరుకుందప్ప తన లాఠీకి నూనె రాయడం మానేశాడు.

మరునాటి పొద్దున గంగిరెడ్డి రొప్పుతూ వచ్చాడు.

"ఏం సారూ, మబ్బు పట్టుకోనుండాది. కూలోళ్లనందర్నీ ఈడ కూకోబెట్టుకుంటే నా చెనిక్కాయలు పీకేదెవరు? మీరా, మీ ప్రొఫెసరా?"

"మరి పొట్టేలు?"

"దొరికిందిలే. రాయచోటిలో మా అల్లుని ఇంట్లో ఉండాది. నేనే పంపించి మర్సిపోయినా."

"మరి గొర్రెపిల్ల?"

"దాని సంగతి ఆ చర్చి పాదిరినడుగు."

ముద్దాయిలను మేలుకొలిపి పంపమని సబిన్‌స్పెక్టరు ఆజ్ఞాపించాడు. ప్రొఫెసరు చిటికె వేసి "మేలుకొనుము" అన్నాడు. అప్పటిదాకా తెరిచే ఉన్న కండ్లతో ఏసన్న ఒకసారి మబ్బును చూశాడు, ఒకసారి రెడ్డిని చూశాడు. మెల్లగా మూసుకున్నాడు. అది చూసి ప్రేమయ్య మూసుకున్నాడు. పేటంతా మూసుకుంది.

"ఏరా ఏసన్నా, లెయ్యి. పొద్దు పోతాండాది," అన్నాడు గంగిరెడ్డి.

"యాడ లేసేది రెడ్డీ. ఇప్నాటిసంలో ఉండా."

ఉరుకుందప్ప ఆశగా లాఠీ అందుకున్నాడు. గంగిరెడ్డి అడ్డం పడ్డాడు. "వద్దప్పా. చేతులు వాస్తే చెట్టు పీకేదెట్ల?" అని, ఒంటికన్ను తెరుచుకుని కూర్చున్న సంతోషమ్మ వైపు తిరిగాడు. "ఎట్ల లేస్తారే మీవోళ్లు?"

"నాకేం తెలుసు రెడ్డీ. మా చేను ముందు పీకమంటే మెలకువ వస్తాదేమో, అని సూడు."

గంగిరెడ్డి మబ్బు వైపు చూశాడు. "సరే, ముందు మీదే పీక్కోని సావండి."

"ఆమెన్," అంది పేటంతా, కండ్లు తెరిచి.

ఏసన్న పంట వానకు ముందే ఇల్లు చేరింది. గంగిరెడ్డిది సగం తడిసింది. గొర్రెపిల్ల కోసం మాత్రం ఉరుకుందప్ప ఇంకా గాలిస్తూనే ఉన్నాడు.

హిప్నాటిజం ఘనవిజయం సాధించిందని సబిన్‌స్పెక్టరు పైకి నివేదిక పంపాడు. తాలూకా మొత్తం మీద పాపం చేశామని ఒప్పుకున్నది ఆ ఒక్క పేటే గనుక, మిగిలినచోట పాపి అనేవాడే లేడని అందులో శాస్త్రీయంగా తేల్చాడు. ఆ నిర్దోషులలోంచి ఏరి గంగిరెడ్డిని పంచాయతీ కోర్టుకు పెద్దమనిషిగా వేశారు. ఆ లెక్కన మీరూ నిర్దోషులే. ఎవరేమన్నా కండ్లు మాత్రం మూసుకోకండి.